ఆకు మీద పండు

కాఫీ పండు చూడడం నాకు నేర్పింది ఆమె. వ్యవసాయ డిగ్రీ పట్టుకుని సాలూరు నుంచి అరకు వచ్చిన కొత్తలో, ఎర్రగా ఉన్నదల్లా పండేనని నమ్మేదాన్ని. కాఫీ కొనే మా కంపెనీ నన్ను క్వాలిటీ ఆఫీసరు అంది కదా, ఇంకేం కావాలి! మొదటి వారంలోనే, పై ఊరి నుంచి గంప దించిన ఒక పెద్దావిడ నా చేతిలోని పండు తీసుకుని వేళ్ళతో నొక్కి చూపించింది. గింజ బయటికి జారలేదు. "ఇది ఇంకా పండనేదు గుంటా. రంగు సూసి మోసపోకు," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది గానీ, మర్నాటి నుంచి ఆమె వెనకే తోటల్లో తిరిగాను. పెద్దమ్మా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు.

వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు కోసిన పండంతా కొండ దిగే ముందు ఆమె ముందుకు రావలసిందే. పచ్చివీ, పురుగు తిన్నవీ ఆమె ఏరి పక్కన పెట్టాకే గంపలు కదిలేవి. ఆ పని ఊరు ఆమెకు అప్పజెప్పింది. పెళ్ళి మాటలకీ, తగువులు తీర్చడానికీ కూడా ఆమెనే పిలిచేవారు. ఆమె చూపులో తప్పుండదని ఊరంతటికీ నమ్మకం.

రెండేళ్ళ కిందట మా కంపెనీకి ఏఐ జ్వరం పట్టుకుంది. పండు నాణ్యత ఇక మనుషులు కాదు, కెమెరా చెబుతుందన్నారు. విశాఖలో ఒక హోటల్లో మీటింగు పెట్టారు. ముందు అరకు, ఆ తర్వాత మన్యంలోని కేంద్రాలన్నీ, ఆపైన ఆఫ్రికాలో కాఫీ పండే దేశాలు అని తెర మీద బాణం గుర్తులు గీసి చూపించారు. దానికి పండు గుర్తుపట్టడం నేర్పే ఫొటోలు మాత్రం ఎవరైనా తీయాలి. ఆ ఎవరైనా నేనే. నేను చూపించిన పండుని చూసి ఎక్కడో ఆఫ్రికాలో మెషిన్ నేర్చుకుంటుందని ఇంట్లో ఎంత గొప్పలు పోయానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతాయి.

ఫొటోలు వేలల్లో కావాలన్నారు, అదీ బేగి కావాలన్నారు. నేను సులువు చూసుకున్నాను. మంచి పండ్ల ఫొటోలన్నీ మా ఫ్యాక్టరీ ఆవరణలోనే, నీలం ప్లాస్టిక్ ట్రేలలో పోసి తీసేశాను. చెడ్డవాటి కోసం కొనుగోలు కేంద్రాలకి వెళ్ళాను. అక్కడ మేం వద్దన్న పండ్లని ఆడవాళ్ళు వెనక్కి తీసుకుని అడ్డాకుల మీద కుప్ప పోసుకుని కూర్చుంటారు. పంటని ఉత్త నేల మీద పెట్టరు వాళ్ళు, మంచిదైనా చెడ్డదైనా కింద ఆకు ఉండాల్సిందే. ఆ కుప్పల్ని ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీసి, చెడ్డవి అని గుర్తు పెట్టి పంపించాను. పని ముగిసిందని చేతులు దులుపుకున్నాను.

ఆ ఏడు కోతలు మొదలయ్యాయి. కేంద్రంలో బల్ల మీద కెమెరా బిగించారు. పెద్దమ్మ ఎప్పటిలాగే గంప మీద కప్పిన అడ్డాకులు తీసి బల్ల మీద పరిచి, పండు పోసి పక్కకి జరిగి నిలబడింది. ఎర్ర లైటు వెలిగింది. అంటే రెండో రకం, ధర తగ్గుతుంది. ఆమె నా వైపు చూసింది. నేను వంగి రెండు పండ్లు నొక్కాను. గింజలు జిగురుతో సహా చటుక్కున జారాయి. అంత మంచి పండు ఆ రోజు మరొకటి రాలేదు. ఆ సంగతి నా వేళ్ళకి తెలుసు.

"మెషిన్ అలా చెప్పింది పెద్దమ్మా," అన్నాను.

బెంగళూరు నుంచి వచ్చిన ఇంజినీర్లు పక్కనే ఉన్నారు. వాళ్ళ ముందు నా వేళ్ళని నమ్మడానికి నాకు నామోషీ అనిపించింది. మరో రెండు వారాలు అదే జరిగింది. పెద్దమ్మ ఊరి గంపలు చాలావరకు ఎర్ర లైటుతోనే వెళ్ళాయి. కింది ఊళ్ళ వాళ్ళు మేం పంచిన ట్రేలలో తెస్తున్నారు, వాళ్ళకి ఆకుపచ్చ లైటు. పైఊరి ఆడవాళ్ళు మెషిన్‌ని ఏమీ అనలేదు. ఏరిన మనిషిని అన్నారు.

కారణం తెలిసింది ఒక పొద్దున్న. ఎర్ర లైటు పడ్డ ఒకావిడ విసుక్కుంటూ పండుని అక్కడే ఉన్న ట్రేలో గుమ్మరించింది. ట్రే కెమెరా కిందే ఉంది. ఆకుపచ్చ లైటు వెలిగింది. అందరూ వెళ్ళాక తలుపు మూసి, అదే పండుని ఆకు మీద పోశాను, ఎరుపు. ట్రేలో పోశాను, ఆకుపచ్చ. పచ్చికాయలు ఎక్కడ పోసినా ఎరుపే. పండు మంచిదైతే మాత్రం మెషిన్ పండుని వదిలి కింద ఉన్నదాన్ని చూస్తోంది. మంచివన్నీ ట్రేలలో, చెడ్డవన్నీ ఆకుల మీద చూపించి దానికి అలా నేర్పింది నేనే.

అప్పుడైనా నిజం రాయొచ్చు. రాయలేదు. మన్యంలోని మిగతా కేంద్రాలన్నిటికీ మెషిన్లు పంపడానికి వారమే ఉంది, నా ప్రమోషన్ కాగితం కూడా దాంతోనే ముడిపడి ఉంది. కెమెరా కింద ఆకుల వల్ల కొద్దిపాటి తేడా వస్తోంది, ఇకపై పండు ట్రేలోనే పోయాలి అని మెయిల్ పెట్టాను. మేనేజరు మెచ్చుకున్నాడు. మర్నాటికల్లా అరకులో ప్రతి కేంద్రం గోడ మీదా 'ఆకులు వాడరాదు' అని కాగితం అంటించారు. నేను చేసిన తప్పుకి వాళ్ళు అలవాటు మార్చుకోవలసి వచ్చింది.

దానికన్నా పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. సరిగ్గా అదే వారం పైఊరు పెద్దమ్మని తప్పించి, ఆమె కోడలికి ఏరే పని ఇచ్చింది. కోడలు ట్రేలలో తెచ్చింది. అన్నీ ఆకుపచ్చ లైట్లే. ఇంకేముంది, ముసలమ్మ చూపు పోయిందని ఊరంతటికీ నిర్ధారణ అయిపోయింది.

సీజను చివర్లో నేను పైఊరు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, దారంతా మాటలు కూడబలుక్కున్నాను కూడా. ఆమె ఇంటి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి చోడి అంబలి తెచ్చి ఇచ్చింది. కంటి డాక్టరు దగ్గరికి కొండ దిగి వెళ్ళొచ్చానంది.

"కళ్ళు బాగున్నాయన్నాడమ్మా. సూదిలో దారం కూడా ఎక్కించి సూపించాను. మరి కళ్ళు బాగుండి తప్పేరినానంటే, పాడైంది నా బుర్రే కదా."

అంబలి గిన్నె కింద పెట్టాను. కాదు పెద్దమ్మా అని మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఒకటడుగుతాను, దాయకుండా సెప్పు. ఇన్నేళ్ళూ నాతోటి తిరిగినావు. నేను తప్పేరతన్నానని నీకు ముందే తెలుసు కదా? నన్ను బాదెట్టకూడదని ఊరుకున్నావు కదా?"

ఆమె కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాను. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే మన్యం కేంద్రాలూ, మేనేజరూ, నా కుర్చీ అన్నీ కదులుతాయని ఆ క్షణంలో కూడా లెక్క వేసుకున్నాను. నేను మాట్లాడకపోవడాన్ని ఆమె అవునని తీసుకుంది.

దగ్గరికి జరిగి నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"నాకు తెలుసు గుంటా," అంది. "నీది మెత్తని మనసు."