దీపస్తంభానికి పాఠం

సూర్యుడస్తమించని బ్రిటిష్ సామ్రాజ్యాన్ని మా జేబెజ్ ఎంట్విసిల్ రోజూ సూర్యుడు ఉదయించకముందే పద్నాలుగుసార్లు రద్దు చేసేవాడు. అబద్ధమాడకూడదని కాన్వెంటు సిస్టర్లు నాకు బెత్తంతో నేర్పారు కాబట్టి సవరించుకుంటున్నాను: పదకొండుసార్లే. మా వీధిలో అతను నిద్ర లేపే ఇళ్లు పదకొండు.

బర్న్‌లీలో మేమంతా నేత మిల్లు కూలీలం. ఆరింటికి గేటు మూసేస్తారు. అందుకని ఐదింటికే పొడుగాటి కర్రతో మేడ కిటికీలు తట్టి మమ్మల్ని లేపడం జేబెజ్ వృత్తి. తట్టి ఊరుకుంటే అందరిలాంటివాడే. మనిషి కిటికీ తెరిచేదాకా, సామ్రాజ్యం నష్టాల బేరమని కింద నిలబడి ఉపన్యాసం దంచేవాడు.

“లేవయ్యా! అమెరికా మనల్ని వెళ్లగొట్టి నూరేళ్లు దాటింది. అయినా నీ మిల్లుకు పత్తి ఎక్కణ్ణుంచి వస్తోంది?”

“అమెరికా నుంచే బాబాయ్. లేచాను, ఇక వెళ్లు!”

“మరి సరుకు కొనడానికి దేశాన్ని ఏలడమెందుకు? రొట్టె కావాలంటే రొట్టెలవాడి ఇంట్లో కాపురం పెడతామా?”

వాదన మధ్యలో ఆపడం అతని జాతకంలో లేదు. తన పెళ్లిలోనే, “అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి” అని పాదిరి అనగానే, వలసరాజ్యాల మీద అరగంట అభ్యంతరం చెప్పిన ఘనుడు.

ఇంతలో దక్షిణాఫ్రికా యుద్ధం వచ్చింది. ఎదురింటి టాబితా మొగుడు ఆల్ఫ్‌ను పటాలంలోకి పిలిచారు. ఓ తెల్లవారుజామున జేబెజ్ ఆమె కిటికీ కింద మొదలెట్టాడు: “ఈ యుద్ధంలో లాభం గనుల దొరలకు, పన్ను నీ టీ మీద, నీ చక్కెర మీద...”

కూజాడు చన్నీళ్లు అతని నెత్తిన పడ్డాయి.

“మా ఆయన అక్కడ ప్రాణాలు అరచేత పట్టుకునుంటే, నీకు చక్కెర గోలొచ్చిందా? రేపట్నుంచి నా కిటికీ ముట్టావంటే ఆ కర్ర విరిచి పొయ్యిలో పెడతా!”

మాకు భయం పట్టుకుంది. టాబితాది కుంభకర్ణుడి నిద్ర. జేబెజ్ జ్వరంతో పడుకున్న వారంలో రెండుసార్లు గేటు బయట ఉండిపోయింది. మూడోసారైతే ఆమె మగ్గాలు ఇంకొకరికిచ్చేస్తానని మేస్త్రీ చెప్పేశాడు. ఇద్దరు పిల్లలకు ఆ మగ్గాలే అన్నం. మేం లేపుతామంటే, “నాకెవరి దయా అక్కర్లేదు” అంది.

మర్నాడు ఐదింటికి జేబెజ్ ఆమె కిటికీ ముట్టలేదు. దాని ఎదురుగా ఉన్న దీపస్తంభం ముందు నిలబడి గొంతు చించుకున్నాడు.

“స్తంభంగారూ! మీరైనా వినండి. ఫిరంగి గుండు తిరిగొచ్చి వడ్డీ కడుతుందా?”

“స్తంభాన్ని కూడా వదలవా, దిక్కుమాలినోడా!” అంటూ టాబితా కిటికీ తెరిచింది. తెరిచిందంటే లేచినట్టే.

ఏడాదిన్నర ఇదే తంతు. నేనొకటి గమనించాను. సొంత పెళ్లిలో కూడా వాదన ఆపనివాడు, ఆమె గదిలో కొవ్వొత్తి వెలగగానే మాట సగంలో మింగేసి, కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. టాబితా మగ్గాలు టాబితాకే మిగిలాయి.

ఆల్ఫ్ క్షేమంగా తిరిగొచ్చిన ఆదివారం, ఆమె లోపల మాంసం కూరి కాల్చిన వేడివేడి రొట్టె పట్టుకుని వీధిలోకి వచ్చింది.

“ఇన్నాళ్లూ ఓపిగ్గా నీ పాఠం విన్నందుకు ఇది ఆ స్తంభానికి. అదెలాగూ తినదు గనక నువ్వు తిను.”

నేనూరుకుంటానా? అక్కడే నలుగురి ముందూ కొవ్వొత్తి సంగతి బయటపెట్టేశాను.

“శుద్ధ అబద్ధం!” అన్నాడు జేబెజ్ నిండిన నోటితో. “అసలు మన వీధిలో దీపస్తంభమే లేదు.”

అని, స్తంభానికి హాయిగా చేరగిలబడి రెండో ముక్క అందుకున్నాడు.