పెద్దమ్మకు చెప్పిన సగం పాఠం

అప్పట్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్లప్పుడు అందరికీ అలాగే ఉంటుందనుకోండి, నాకు మాత్రం దానికి తోడు సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. కోరుట్లలో ఇనుప సామాన్ల దుకాణం పైన అద్దెకు తీసుకున్న హాల్లో మూడు నెలల సువార్త శిక్షణ. కింద రేకులు కోస్తుంటే పైన మేం వాక్యం నేర్చుకునేవాళ్లం. అక్కడ ఒకరోజు పెద్ద చర్చ లేచింది. మన విశ్వాసం చెప్పబోయే ముందు ఎదుటివాళ్ల మతం గురించి చదవాలా, అక్కర్లేదా? హైదరాబాద్ నుంచి వచ్చిన సారు చదవాల్సిందే అన్నారు. ఏమీ తెలియకుండా మాట్లాడితే వాళ్లను చిన్నచూపు చూసినట్టే అన్నారు (ఆ మాట నిజమేనని ఇప్పటికీ అనుకుంటాను). మా ఊరి పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అని పిలిచే పెద్దాయన, ఆ రోజు మమ్మల్ని చూడ్డానికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. "ముందుగాల మనది మనకు సక్కగ ఎరుకైతె సాలు గద సారూ" అన్నారు మెల్లగా. నేను ఠక్కున హైదరాబాద్ సారు పక్షం చేరిపోయాను. అయ్యగారు ఏడో తరగతి, నేను డిగ్రీ. అంతకంటే ఆలోచించాల్సింది ఏముందనిపించింది.

రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. ఎడమ పేజీలో వాళ్లేం నమ్ముతారు, కుడి పేజీలో దానికి మన జవాబేమిటి. దాన్ని చంకలో పెట్టుకుని, కోరుట్ల అవతల ఇబ్రహీంపట్నం దగ్గర ఉన్న మా ఊళ్లో బస్సు దిగాను. మొదట ఎవరికి చెప్పాలో దారిలోనే నిర్ణయించేసుకున్నాను. పెద్దమ్మకు. ఆమె నాకు చుట్టం కాదు. మా అమ్మ ఆమె పొలంలో కూలికి పోయేది, ఆ వరుసన చిన్నప్పటి నుంచి పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. పొద్దున్నే వంట కాగానే ఆమె ఇంటి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేవాళ్లు. మా అమ్మ ఎప్పుడు వెళ్లినా అరుగు కింద మెట్టు మీదే కూర్చునేది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి, "పైకి రా బిడ్డా" అని నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. ఆ సంగతి అప్పుడు నాకు గొప్పగానే అనిపించింది, ఇంకోలా అనిపించాలన్న ఆలోచనే రాలేదు.

మొదటిరోజు గొంతు సవరించుకుని, "పెద్దమ్మా, మీ ధర్మంలో లోకాలు ఎన్నో తెలుసా?" అని అడిగాను (శిక్షణకు పోయొచ్చాక నా భాష కూడా పుస్తకంలా తయారైంది). ఆమె తునికాకు కత్తిరిస్తూ తలెత్తి, "నాకేం ఎరుక బిడ్డా. ఎన్నున్నయి?" అంది. నోట్సు ప్రకారం ఆమె ఏదో ఒకటి చెప్పాలి, నేను ప్రశ్న వేయాలి, ఆమె తడబడాలి. ఎదురు నన్నే అడుగుతుందని ఎవరూ చెప్పలేదు. చేసేదిలేక ఎడమ పేజీ తీసి, పైన ఏడు, కింద ఏడు, పధ్నాలుగు లోకాల పేర్లూ చదివి వినిపించాను. అరుగంతా సంబరపడిపోయింది. మేమంతా కత్తెర వదినె అని పిలిచే ఒకామె, చేతిలో కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది, "మరి దుబాయి ఏ లోకంల వడ్తదే?" అని అడిగింది. "గా ఎండల ముచ్చట ఇంటె పాతాళమే అయ్యుంటది" అని ఇంకొకామె. మూడింటికి కార్ఖానాకు బీడీలు అప్పజెప్పాలి కాబట్టి, నేను కుడి పేజీ తిప్పేలోపే అందరూ చాటలు ఎత్తుకుని లేచారు. "మంచిగ చెప్పవడితివి బిడ్డా, రేపు గూడ రా" అంది పెద్దమ్మ.

రేపు కూడా పోయాను, ఎల్లుండి కూడా. నాలుగు పురుషార్థాలు చెప్పాను, నాలుగు ఆశ్రమాలు చెప్పాను, ఆరు దర్శనాలు అర్థం కాకపోయినా చెప్పాను (వాళ్లకు కాదు, నాకే అర్థం కాలేదు). రోజూ ఎడమ పేజీ పూర్తయ్యేసరికి కార్ఖానా టైం అయ్యేది. మూడు వారాలు గడిచాయి, ఏసుప్రభువు పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పక్క వాడల నుంచి కూడా ఆడవాళ్లు చాటలతో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. "మాకు గిదంత గుళ్లె గూడ ఎవ్వలు చెప్పలె. మీ చర్చిల గివన్ని నేర్పుతరా?" అని కత్తెర వదినె ముక్కున వేలేసుకుంది. ఆదివారం ఆరాధన కాగానే అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "ఏంది తల్లీ, అరుగు మీద పురాణం పెట్టినవట?" అన్నారు. "ముందు వివరించి, తర్వాత ఖండిస్త అయ్యగారూ" అన్నాను. "గా ఖండించుడు ఎప్పుడు?" అన్నారు. ఇంకా పదకొండు పేజీలున్నాయని చెప్పాను. ఆయన నెత్తి గోక్కుంటూ వెళ్లిపోయారు. ఈయనకు పద్ధతి తెలియదని మనసులో జాలిపడ్డాను కూడా.

ఇంతవరకు చెప్పినప్పుడల్లా నేనే ముందు నవ్వుతాను. తర్వాతది చెప్పడం ఎప్పుడూ కష్టమే. పెద్దమ్మ చిన్నకొడుకు గల్ఫ్‌లో ఏదో కంపెనీలో మిషన్ మీద పనిచేసేవాడు. వారానికొకసారి ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్లు ఆగిపోయాయి. పెద్దమ్మ ఆ మాట నాతో రెండు మూడుసార్లు అంది. "అట్లనా పెద్దమ్మా" అని నేను పేజీ తిప్పుకున్నాను. ఆమె మాట్లాడుతుంటే నేను వింటున్నట్టే కనిపించేదాన్ని, నిజానికి ఆమె ఎప్పుడు ఆపుతుందా, నా తర్వాతి మాట ఎప్పుడు అందుకుందామా అని చూసేదాన్ని. ఆ రోజు కూడా, "ఏం గాచారమో బిడ్డా, మా చిన్నోడు ఫోన్ చెయ్యక నెల దాటింది" అని నిట్టూర్చింది. మా వైపు గాచారం అంటే అందరికీ తెలిసిందే, ఎవరి తప్పూ లేకుండా నెత్తిన పడే చెడ్డ కాలం. నాకేమో ఆ రోజు పాఠానికి ఉదాహరణ దొరికినట్టయింది. సంతోషం పట్టలేకపోయాను. "గాచారం అనొద్దు పెద్దమ్మా, మీ ధర్మం ప్రకారం దాన్ని కర్మ అనాలి. ఎవరు చేసుకున్నది వాళ్లకు తప్పదు. పోయిన జన్మలో చేసింది ఈ జన్మలో తగులుతుంది. తల్లి చేసింది పిల్లలకు కూడా తగులుతుంది" అని గడగడా చెప్పేశాను. (ఆ చివరి ముక్క నోట్సులో లేనే లేదు. ఊపులో నా నోటికి వచ్చింది.) పెద్దమ్మ చేతిలో బీడీ సగం చుట్టిన దగ్గరే ఆగిపోయింది. "అంటె నేను చేసుకున్నదే మా పోరనికి తగిలిందంటవా బిడ్డా?" అంది. ఇలాంటి ప్రశ్న కోసమే మూడు వారాలుగా కాచుకుని ఉన్నాను. దీనికి జవాబు కుడి పేజీలో ఉంది, క్షమాపణ గురించి, ఎంత చక్కటి పేజీ! అంతలో మూడయింది. "మిగతాది రేపు చెప్త పెద్దమ్మా" అని నోటుబుక్కు మూసేశాను.

మర్నాడు పోలేదు. జగిత్యాలలో మూడు రోజుల ప్రార్థన కూటాలుంటే బస్సెక్కి పోయాను. అక్కడ సాక్ష్యం చెప్పమంటే, మా ఊళ్లో ఒక తల్లి మనసు కదిలిందని అందరి ముందు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి.

తిరిగొచ్చి అరుగు దగ్గరికి పోతే, పెద్దమ్మ చాట గోడకు ఆనించి ఉంది. పెద్దకోడలు గుమ్మంలోనే నన్ను పట్టుకుంది. "ఏం చెప్పి పోయినవ్ తల్లీ నువ్వు? మూడొద్దులాయె, మా అత్త బుక్కెడు బువ్వ ముడ్తలేదు. నా పాపమే నా కొడుకును కొట్టింది అనుకుంట ఒక్కతీరుగ ఏడుస్తున్నది" అని కడిగేసింది. లోపలికి పోయాను. (ఆ గడప దాటడం మా ఇంటివాళ్లలో అదే మొదలు. ఎందుకు దాటాల్సొచ్చిందో చూడండి.) పెద్దమ్మ మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది, నోటుబుక్కు తెరిచి కుడి పేజీ చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చదివాక నా గొంతు నాకే అసహ్యంగా వినిపించి ఆపేశాను. "పెద్దమ్మా, అది తప్పు. తల్లిది పిల్లలకు తగుల్తదని ఎక్కడ లేదు, నేనే కలిపి చెప్పిన" అన్నాను. ఆమె ఇటు తిరిగి, ఓదార్చినట్టు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సదువుకున్నదానివి బిడ్డా, బుక్కుల సూసి చెప్పినవు. నేను ఏడుస్తున్ననని గిప్పుడు గిట్లంటున్నవు" అంది. ఆమెకు చదువు రాదు. నేను చదివి చెప్పినదాన్ని నేను కాదంటే నమ్మదు.

తర్వాత ఆమె తన పాపాలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. చిన్నోణ్ని బెల్లం దొంగతనానికి వాతపెట్టిందట. అత్త చావుబతుకుల్లో ఉంటే పుట్టింటికి పోయిందట. "ఇంకోటి గూడ ఉన్నది బిడ్డా. మీ అవ్వ మా పొలంల పొద్దంత నాటేసి దూపై వస్తె, పైనుంచి దోసిట్ల నీళ్లు వోసిన. ఒక్కనాడు చెంబు చేతికియ్యలె. గదే తగిలినట్టున్నది" అంది. కాదు పెద్దమ్మా, అది పాపం కాదు అనాలి. నోరు రాలేదు. అవును అనడానికి కూడా రాలేదు. రెండు వందల పేజీల్లో ఎడమవైపూ కుడివైపూ దానికి జవాబు లేదు. లేచి ఇంటికి పోయి, మా అమ్మ ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

మా అమ్మ మొత్తం వింది. "ఊరందరు గట్లనే వోసిండ్రు. ఆమెకొక్కదానికే తగుల్తదా?" అంది. కుండలోంచి నీళ్లు ముంచుకుని గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, చెప్పులేసుకుంది. వెనకే పోయాను. పెద్దమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి, "అక్కా, దూపైతుంది, జరన్ని నీళ్లియ్యి" అని కేకేసింది. లోపల మంచం కిర్రుమంది. తర్వాత పెద్దమ్మ గోడ పట్టుకుంటూ లేచొచ్చి, నిండు చెంబు మా అమ్మ చేతికిచ్చింది. మా అమ్మ ఆపకుండా చెంబెడూ తాగేసింది (కడుపులో ఎక్కడ పట్టాయో ఆమెకే తెలియాలి). "ఇగ నువ్వు తిను" అని పీట మీద కూర్చుంది. పెద్దమ్మ తిన్నది. ఆ రోజు నేను గుమ్మం బయటే నిలబడ్డాను.

సాయంత్రం అయ్యగారు వచ్చారు. మంచం పక్కన నేల మీద కూర్చుని, పిల్లగాని పేరేంది, ఏ ఊళ్లె ఉంటడు, ఏం పని, ఆఖరుకు ఎప్పుడు మాట్లాడిండు అని అడిగారు. మూడు వారాల్లో నేను ఇందులో ఒక్కటీ అడగలేదు. "ప్రార్థన చెయ్యమంటవా అమ్మా?" అంటే, "చెయ్యి అయ్యా. మా రాజన్నకు గూడ కోడె మొక్కిన. ఇద్దరు సూడని" అంది పెద్దమ్మ. కోడె మొక్కంటే ఏమిటో అయ్యగారికి సరిగా తెలియదు, బయటికొచ్చాక నన్నే అడిగారు, వేములవాడ రాజన్న గుడిలో కోడెదూడను కట్టే మొక్కని చెప్పాను. మా సంఘంలో ఒకాయన బావమరిది గల్ఫ్‌లో పిల్లవాడుండే ఊళ్లోనే డ్రైవరు. రెండు రోజులకు అతను ఆసుపత్రిలో పిల్లవాణ్ని పట్టుకుని వీడియో కాల్ చేయించాడు. అరుగంతా ఫోన్ చుట్టూ మూగింది. కుడిచేతికి కట్టు, రెండు వేళ్లు పోయాయి. అమ్మకు చెప్పలేక ఫోన్ చేయడం మానేశాడట. పెద్దమ్మ వలవలా ఏడుస్తూ, "నేను చేసుకున్నది నీకు తగిలింది బిడ్డా" అంది. వాడు అక్కడి నుంచే కసిరాడు. "ఏం తగులుడే అవ్వా! మిషన్ల చెయ్యి వెట్టిన, నా గాచారం. నీకెవలు చెప్పిండ్రు గీ ముచ్చట?"

అందరూ నావైపే చూశారు. పెద్దమ్మ నావైపు చూడలేదు. "ఎవ్వలు చెప్పలె బిడ్డా, నాకే అనిపిచ్చింది" అంది.

నాకిప్పుడు ఇద్దరు పిల్లలు, సిరిసిల్లలో ఉంటున్నాం. మా ఆయన మగ్గాల షెడ్డులో పని చేస్తారు. అప్పుడప్పుడు శిక్షణలో ఉన్న పిల్లలు వచ్చి, "అక్కా, వాళ్ల మతం మనం చదవాల్నా?" అని అడుగుతారు. చదవండి అంటాను. చదివింది తీసుకుపోయి వాళ్లకే పాఠం చెప్పకండి అంటాను. వాళ్లు నవ్వుతారు, రాసుకుంటారు కూడా. అలా రాసుకుంటున్న పిల్లను చూస్తే కోపం రాదు, ఎందుకో ముద్దొస్తుంది. పెద్దమ్మ ఏటా కోడె కట్టడానికి వేములవాడ వస్తుంది, వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక పూట తిని పోతుంది. ఆ మూడు వారాల్లో నేను చెప్పినవన్నీ మర్చిపోయింది, లోకాలు పధ్నాలుగో పదహారో కూడా గుర్తులేదు. ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. చిన్నోడు ఊరికి తిరిగొచ్చి ట్రాక్టరు నడుపుకుంటున్నాడు, పెళ్లయింది, అయినా మొన్న కూడా అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. పోరని వేళ్లు నా వల్ల పోలే గద?"

"కాదు పెద్దమ్మా."

"నీకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుక లేదు పెద్దమ్మా" అన్నాను. "నీ వల్ల మాత్రం కాదు."

నా మొహంలోకి కాసేపు చూసి, అప్పుడు తినడం మొదలుపెట్టింది.