మా ఊరి బస్సులో నా పక్క సీటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడిలో లెక్కలు చెప్పాను. లెక్కకు నిలవనిదాన్ని నమ్మే మనిషిని కాను. అయినా ఇది మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను.

యాభైల్లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. మా ఊరు వేంపల్లె రోడ్డుకు బాగా లోపల, గుట్టల మధ్య ఉండేది. బండిబాట తప్ప దారి లేదు. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. పై చదువుకు వేంపల్లె పోవాలి. అంతదూరం నడిపించి పంపడానికి నాయన ఒప్పుకోలేదు.

"బస్సొస్తే పోతువులే. రాకుంటే ఇంటికాడే ఉండు" అని తేల్చేశాడు. దాంతో ఊరందరికంటే నాకే బస్సు బెంగ ఎక్కువైంది.

ఊరివాళ్లు రాళ్లేరి బాట చదును చేశారు. వేంపల్లెలో బస్సులు నడిపే షావుకారు ఒక షరతు పెట్టాడు. ఒకరోజు బస్సు పంపుతాడు. సీట్లన్నీ నిండితే రోజూ వస్తుంది, ఒక్క సీటు ఖాళీ ఉన్నా ఇక రాదు. చంకబిడ్డలు లెక్కలోకి రారు.

తీరా ఆ బస్సు వచ్చేసరికి సగం ఊరు సుగ్గికి పోయింది. కోతల కాలంలో పరాయి ఊళ్లకు కూలికి పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. మిగిలినవాళ్లం తలకు నూనె రాసుకుని, పెళ్లికి పోతున్నట్టు తయారై, పట్టపగలు కళ్లంలో వరుసగా నిలబడ్డాం. షావుకారి ఏజెంటు ఒకటి, రెండు అంటూ వేలు చూపించి లెక్కపెట్టాడు. సీట్లకు ఒక తల తక్కువ. మళ్లీ లెక్కపెట్టాడు, మళ్లీ అంతే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఊళ్లో అందరి ధాన్యమూ కొలిచే సుబ్బవ్వ అతన్ని పక్కకు నెట్టింది.

"ఏమప్పా, మొదట్నే ఒకటంటావా? లాభం అనల్ల. నువ్వట్ల అంటే యాడ కలిసొస్తాది?"

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి పడిని, అంటే మొదటి కొలతను, ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. ఆమె "లాభం, రెండు, మూడు" అంటూ మా భుజాలు తట్టుకుంటూ పోయింది. సరిగ్గా సరిపోయింది!

"మాటలెందుకవ్వా, ఎక్కండి. సీట్లే చెప్తాయి" అని ఏజెంటు నవ్వాడు.

అన్నీ ఇద్దరిద్దరు కూర్చునే సీట్లు. నేను కిటికీ పక్కన చేరి బయటికి చూస్తున్నాను. ఎవరో ఆడమనిషి "రవ్వంత జరుగుమే, నాకూ చోటియ్యి" అంది. జరిగాను. మోచేయి వెచ్చగా తగిలింది. మొదటిసారి బస్సెక్కిన సంబరంలో తల తిప్పి చూస్తేనా?

ఏజెంటు ముందు నుంచి వెనక దాకా నడిచి ఒక్కొక్క సీటూ చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు. "రేపట్నుంచి మీ ఊరికి బస్సుండాది!" అని అరిచాడు. మా కేకలకు బస్సు ఊగిపోయింది.

రోడ్డు దాకా ఒక చుట్టు తిప్పి మమ్మల్ని మళ్లీ కళ్లంలోనే దించారు. బస్సు వెళ్లాక నాయన సరదాకి అందర్నీ నిలబెట్టి, తనను కూడా కలుపుకుని లెక్కపెట్టాడు. లాభమనీ లెక్కపెట్టాడు, ఒకటనీ లెక్కపెట్టాడు. ఒకరు తక్కువే.

సాయంత్రం ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అందరూ చెప్పుకున్నారు. జతలన్నీ కుదిరాయి. నా పక్కన కూర్చున్నామన్నవాళ్లు మాత్రం లేరు. ఏజెంటు సరిగ్గా చూసి ఉండడని నాయన కొట్టిపారేశాడు.

"ఊరన్నాక మనకు కనపడనోళ్లు ఉండరా? వాళ్లకు మాత్రం బస్సెక్కాలని ఉండదా?" అంది సుబ్బవ్వ. అందరం పడీ పడీ నవ్వాం.

బడి తెరిచిన రోజు నాయన నన్ను తీసుకుని బస్సెక్కాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన పోయి వెనక సీట్లో గంపల మధ్య ఇరుక్కున్నాడు.

"ఈడికి రా నాయనా, చోటుండాది" అన్నాను.

"ఉండనీలేమ్మా. నాకీడ శానా బాగుండాది" అన్నాడు ఎటో చూస్తూ.

దయ్యాల మాటకు నవ్వే మా నాయనే ఆ సీటు ఎవరికోసమో వదిలాడు. ఇన్నేళ్లు లెక్కలు చెప్పి కూడా ఆ ఒక్క తల ఎక్కడినుంచి వచ్చిందో నేను తేల్చలేకపోయాను. ఆరోజు మాత్రం వేంపల్లె దాకా కిటికీకి అతుక్కుని, పక్కన చోటు వదిలి కూర్చున్నాను.