అమాస దాకా వంగొద్దు

నడుము పడితే జనం దవాఖానకు పోకుండా మా ఇంటికి వచ్చే కాలం ఒకటి ఉండేది. మా ఇంట్లో వైద్యులెవరూ లేరు. నేను ఎదురుకాళ్లతో పుట్టాను, అంతే. అలా పుట్టినవాళ్లు కుడికాలితో మూడుసార్లు తొక్కితే ఎంతటి పట్టైనా వదులుతుందని మా సిరిసిల్లలో అందరికీ నమ్మకం. పుట్టేటప్పుడు అవ్వను (మా వైపు అమ్మను అవ్వ అంటాం) నానా తిప్పలు పెట్టానట. ఆ పాపమే తర్వాత ఊరి నడుములకు పుణ్యమైంది. నన్ను మాత్రం బడికి పంపలేదు. "సదువుకున్నోళ్ల నడుములు గూడ దీని కాలు కిందికే వస్తయి, దీనికి బడెందుకు?" అనేది బాపమ్మ, అంటే మా నాయనమ్మ. (ఆ మాట నమ్మి యాభై దాటేదాకా నేను పలక ముట్టలేదు. ఇప్పుడు నా అక్షరాలు కూడా నాలాగే ఎదురుకాళ్లతో పుడుతున్నాయి, చదివేవాళ్లు సర్దుకోవాలి.)

జై తెలంగాణ అంటూ ఊళ్లు మొదటిసారి లేచిన రోజులవి. నాకు పన్నెండో పదమూడో ఉంటాయి. అన్న జగిత్యాలలో ఉండి చదువుకునేవాడు. మా ఇంట్లో మగ్గం గుంటలోంచి కాలు బయటపెట్టిన మొదటి మనిషి అతనే. ఊరేగింపులో ముందు నడిచినందుకు పోలీసులు వెతుకుతున్నారని తెలిసి, నెత్తికి తువ్వాల చుట్టుకుని, వేములవాడ రాజన్న గుడికి వచ్చే భక్తుల మధ్య బస్సులో దాక్కుని ఇల్లు చేరాడు. దొరికితే జైలు, ఆ తర్వాత మళ్లీ మగ్గమే. అతన్ని కోరుట్లలో మా మేనత్త ఇంటికి దాటించాలని బాపు, అంటే మా నాన్న, బండి మాట్లాడడానికి పోయాడు. బాపు అటు పోయాడో లేదో, ఇటు వాకిట్లో చెప్పుల చప్పుడయింది. మాది ఒకటే అర్ర (గది), దాక్కోవడానికి గాదె కూడా లేదు. అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నను మగ్గం గుంటలోకి తోసి, తానే గుంట అంచున చెక్కపలక మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వేలాడేసి నేయడం మొదలుపెట్టింది. (కాళ్లు ఆడించేందుకు తవ్విన గుంట అది. అందులో మనిషి ఇమడాలంటే మోకాళ్లు గడ్డానికి ఆనాలి.)

వచ్చినాయన వాకిలి పట్టుకుని వంకర నిలబడ్డాడు. అంగీ బయటికి వదిలేసి ఉంది, మొహం నిండా చెమట. "చాయ్ హోటల్ చాచా తోలిండు. నడుము పట్టిందవ్వా. ఈడ తొక్కే పిల్ల ఉన్నదట గద" అన్నాడు. ఏం పని మీద వచ్చావని బాపమ్మ అడిగితే నూలు బేరానికి వచ్చానన్నాడు. "ఎన్నో నంబరు నూలు కొడుకా?" అంది బాపమ్మ. ఆయన కొంచెం ఆలోచించి, "మంచి నంబరే" అన్నాడు. నేతవాళ్ల ఇంట్లో ఆ జవాబు చెప్పి బతికి బట్టకట్టిన మనిషి లేడు. కానీ ఎవరికైనా నడుము నొప్పి అంటే చాలు, బాపమ్మకు ఇంకేమీ కనిపించదు. మగ్గం దగ్గర తప్ప జాగా లేదు కనుక అక్కడే చాప పరిచి బోర్లా పడుకోబెట్టింది. ఆయన తల సరిగ్గా గుంట అంచుకు వచ్చింది. అవ్వ పొడుగ్గా దగ్గింది. బాపమ్మ వినిపించుకోలేదు.

తొక్కే ముందు పాదం ఆనించి పట్టు ఎక్కడుందో చూడాలి. ఆనించాను. మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా ఏదో తగిలింది. "బాపమ్మా, ఈయన నడుముల ఇనుమున్నది" అన్నాను. మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆయన లేవలేడు, దాచుకోలేడు. చెయ్యి వెనక్కి తిప్పి, మూలుగుతూ, అంగీ కింది నుంచి ఒక చిన్న పిస్తోలు తీశాడు. దస్తీలో చుట్టి ఉంది.

"నూలు బేరానికి గిదెందుకురా?" అంది బాపమ్మ.

"పోలీసోన్నవ్వా. సాదా బట్టలల్ల తిరుగుమన్నరు, గిది ఎవ్వలకు కనవడద్దన్నరు" అన్నాడు. ఒకసారి నిజం నోటికి వచ్చాక ఇక ఆగలేదు. "ముంగట చెక్కుకుంటె కూసున్నప్పుడల్లా కడుపుల పొడుస్తది. పక్కకు పెడితె అంగిల నుంచి ఉబ్బుతది. ఎనుక పెడితె గిట్ల నరం మీద కూసుంటది. తుంటి నుంచి మడిమె దాక జివ్వుమని గుంజుతది. బస్సుల కూసోలేను, దిగి నడువలేను. దీన్ని నేను మోస్తున్ననో, ఇది నన్ను మోస్తున్నదో తెలుస్తలేదు." చెబుతూనే పిస్తోలును పక్కనే ఉన్న మగ్గం పలక మీద పెట్టాడు, అవ్వ తొడ పక్కన. గుంటలో అన్న చెయ్యి చాపితే అందేంత దూరం. అవ్వ దాని మీద ఇంత నేత గుడ్డ కప్పి, అది కాటువేసే జంతువైనట్టు చూస్తూ కూర్చుంది.

నేను మొదటిసారి తొక్కాను. ఆయన "అమ్మా" అన్నాడు. రెండోసారి "అయ్యా" అన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు. నా కాలి కింద ఆయన ఊపిరి ఆగిపోయింది. తల పక్కకు తిప్పి గుంటలోకి చూస్తున్నాడు. నిలబడ్డ మనిషికి ఆ గుంటలో చీకటి తప్ప ఏమీ కనిపించదు. బోర్లా పడుకున్నవాడికి అంతా కనిపిస్తుంది. ఆయన చూశాడని ఆ అర్రలో నా పాదానికి ఒక్కదానికే తెలిసింది. కాలు తీస్తే లేస్తాడు, లేస్తే అన్నను పట్టుకుంటాడు. అందుకని తీయలేదు. ఒక సర్కారు మనిషిని అలా కాలికింద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆఖరికి ఆయనే మెల్లగా, "ఇగ తియ్యి బిడ్డా, సాలు" అన్నాడు.

లేచి కూర్చున్నాడు, నిలబడ్డాడు, అటూ ఇటూ నాలుగు అడుగులేశాడు. నొప్పి లేదన్నాడు. (ఉండదు మరి. నడుములోంచి ఇనుము తీశాక ఎవరికైనా ఉండదు. ఈ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.) మళ్లీ పిస్తోలు వెనక్కి చెక్కుకోబోతుంటే బాపమ్మ చెయ్యి పట్టుకుంది. "మళ్ల గాడనే పెడుతవా? బుద్ధి లేదా?" అని, తన ఆకువక్క సంచిని వక్కలు, సున్నపు డబ్బీ అన్నీ దులిపేసి, పిస్తోలు అందులో వేసి, దాని తాడును ఆయన భుజం మీది నుంచి వేసి, సంచిని అంగీ లోపల చంక కిందికి జరిపింది. తాను పుట్టెడు సామాను మోసేది అలాగే, ఎవరికీ కనిపించేది కాదు. ఆయన కూర్చున్నాడు, వంగబోయాడు, చెయ్యి లేపాడు. "ఏం గుచ్చుతలేదవ్వా" అన్నాడు చిన్నపిల్లాడిలా.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ అవ్వ వైపు తిరిగాడు. "అక్కా, మీ మగ్గానికి కాళ్లెక్కువున్నట్టున్నయి" అన్నాడు.

అవ్వ చేతిలోంచి అటూ ఇటూ విసిరే నాడె జారి గుంటలో పడింది. "అబ్బ" అని గుంటలోంచి వినిపించింది. బాపమ్మ, అప్పుడే గుర్తొచ్చినట్టు, "కొడుకా, పత్తెం చెప్పుడు మరిసిన" అంది. "అమాస దాక వంగొద్దు, ఉరుకొద్దు. వంగి సూసినవా, మళ్ల పడుతది. ఎవ్వలెనుకన్న ఉరికినవా, ఇగ లేవవు."

"వంగకుంట, ఉరుకకుంట మా నౌకరి ఎట్ల నడుస్తదవ్వా?"

"నడుస్తది. నిమ్మలంగ నడుస్తది."

ఆయన గుంట వైపు ఒకసారి, నా కుడికాలి వైపు ఒకసారి చూసి నవ్వాడు. "మాది మేడిపల్లే అవ్వా. మా తమ్ముడు గూడ గిట్లనే ఎవ్వల ఇంట్లనో దాగున్నడు" అన్నాడు. "సరే. అమాస దాక వంగ, ఉరుక." వక్కాకు వాసన కొడుతూ, నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ వాసన పోయాక అవ్వ ఏడ్చింది, బాపమ్మ నవ్వింది, నేను రెండూ చేశాను. అన్నను పైకి లాగితే నిలబడలేకపోయాడు. గుంటలో ముడుచుకుని అతని నడుము కూడా పట్టేసింది. "నన్ను గూడ జర తొక్కవే" అన్నాడు. తొక్కాను. నా జీవితంలో అంత ప్రేమగా ఎవరినీ తొక్కలేదు. ఆ పొద్దుగూకకముందే బాపు అతన్ని కోరుట్ల బండెక్కించాడు. గొడవలు సద్దుమణిగాక మళ్లీ జగిత్యాల వెళ్లి చదువు ముగించాడు.

అమాస పోయాక మేడిపల్లాయన సంచి నిండా కొత్త వక్కలు తెచ్చి బాపమ్మ చేతిలో పెట్టాడు. తానే కొత్త సంచి కుట్టించుకున్నాడట, తుంటి గుంజడం బందైందట. అది నా కాలి మహిమని నేను, తన సంచి మహిమని బాపమ్మ, ఆమె పోయేదాకా కొట్లాడుకున్నాం. అన్న మాత్రం ఇద్దరికీ సగం సగం అని తీర్పు చెప్పి తప్పించుకునేవాడు.

ఇప్పుడు నాకే తుంటి నుంచి మడిమ దాకా జివ్వుమని గుంజుతోంది. తొక్కడానికి ఎవరైనా ఉన్నారా అని వాడంతా వెతికాను. ఈ కాలం పిల్లలు ఆపరేషన్లతో పుడుతున్నారు, ఎదురుకాళ్లతో పుట్టే ఓపిక ఎవరికీ లేదు. నా కాలు నా నడుముకు అందదు. చివరికి దవాఖానకు పోతే కుర్ర డాక్టరు ఫొటో తీయించి, నరం నొక్కుకుందని చెప్పి, "వంగొద్దమ్మా, పరుగెత్తొద్దు" అన్నాడు. "అమాస దాకనా సారూ?" అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. నేనొక్కదాన్నే నవ్వుకుని, నిమ్మళంగా, నిటారుగా నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.