ఆపరేషన్ తర్వాత ఆరో వారం: కొలతలు ఇవ్వడానికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి

సోమవారం స్కూలు ఆఫీసులో మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలి. వేసుకోవడానికి ఒక్క బట్టా సరిపోవడం లేదు. ఈ ప్రయాణానికి కారణం అదే. రెండేళ్లలో నూట ఇరవై ఒక్క కిలోల నుంచి అరవై తొమ్మిదికి వచ్చాను. బరువు పోయింది కానీ చర్మం మిగిలింది. పొట్ట కింద మడతలు పడి తొడల మీదికి జారేది. ఎండాకాలం ఆ మడతలు ఒరుసుకుని పుండ్లు పడేవి. ఆ వదులు చర్మాన్ని తీసేసి పొట్టను బిగించే ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించుకుని, కామారెడ్డిలో మా అక్క ఇంట్లో కోలుకుంటున్నాను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత, దాని మీద పగలూ రాత్రీ బిగుతు బెల్టు. ఆరో వారంలో డాక్టరు ఫోన్లో, రెండు గంటల్లోపు ప్రయాణం చేయొచ్చు, బరువులు మాత్రం ఎత్తొద్దు అన్నారు. ఆ మాట వినగానే నాకు సరోజక్క గుర్తొచ్చింది. ఎల్లారెడ్డిలో ఉద్యోగం చేసిన పదేళ్లూ నా బట్టలు కుట్టింది ఆవిడే. టేపు చివరిదాకా వచ్చినా ఆ అంకెను ఏనాడూ పైకి చదవలేదు, చప్పుడు చేయకుండా రాసుకునేది.

అక్క తోడు వస్తానంది. వద్దన్నాను. ఒంటరిగా వెళ్లగలనో లేదో తెలుసుకోవాలని ఉంది. ఆటోలో ముప్పై రూపాయలిచ్చి కామారెడ్డి బస్టాండుకు చేరి, తొమ్మిది నలభైకి ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. డ్రైవరు వెనక రెండో సీటు దొరికింది. చిన్న దిండు ఒకటి పొట్టకు ఆనించుకుని కూర్చున్నాను. కుదుపు వచ్చినప్పుడు దాన్ని రెండు చేతులతో అదుముకుంటే కోత దగ్గర లాగదు. పక్క సీట్లోకి ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. మా ఇద్దరి మధ్య ఇంకా జానెడు ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని కాసేపు చూస్తూ ఉండిపోయాను. ఒకప్పుడు నా పక్కన ఎవరైనా కూర్చుంటే సగం మనిషి నడవలోనే ఉండేవారు.

ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు నా కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"అక్కా, ఇది ఎవలది?"

"నాదే."

"గిట్లెట్ల అయితదక్కా? మీ అక్కదో, వదినదో తెచ్చినట్టున్నవ్."

గడ్డం మీది పుట్టుమచ్చ చూపించాను. ఫోటోలో అది బుగ్గ మడతలో కలిసిపోయింది. పక్కనున్న ముసలావిడ చేయి చాచి కార్డు తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"కండ్లు చూడు బిడ్డా. కండ్లు ఒక్కతీరే ఉన్నయి. ఇయ్యి టికెట్."

కండక్టరు నవ్వి టికెట్టు చింపి ఇచ్చాడు. "ఫోటో మార్పియ్యక్కా. దినాం గీ పంచాయితీ ఎందుకు?"

ఆమెది నాగిరెడ్డిపేట అట. ఎల్లారెడ్డిలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. మెల్లగా అడిగింది. "బీమారా బిడ్డా? గింత చిక్కినవ్."

"బీమారేం లేదవ్వా. కావాల్నని తగ్గిన."

"కావాల్నని ఎవలన్న తగ్గుతరా?" అని ఆశ్చర్యపోయి, నా మీద జాలితో సంచిలోంచి రెండు జామకాయలు తీసిచ్చింది.

లింగంపేట దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బస్సు నెమ్మదైంది. కిటికీలోంచి పచ్చి గడ్డి వాసన, కోత మిషన్ల చప్పుడు. పదకొండుకు పది నిమిషాల ముందే ఎల్లారెడ్డిలో దిగాను. నడుం పట్టేసింది కానీ నొప్పి లేదు. సరోజక్క దుకాణం బస్టాండు నుంచి ఐదు నిమిషాల నడక. నాకు పది పట్టింది.

ఆవిడ మిషను తొక్కుతూ తలెత్తి "ఏం గావాలమ్మా?" అంది. నేను "అక్కా" అన్నాక గొంతు పట్టి గుర్తుపట్టింది. నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, లోపలి గదికి తీసుకెళ్లి పరదా వేసింది. బెల్టు తీయాలంటే నాకు బిడియం వేసింది. ఆస్పత్రి వాళ్లు, మా అక్క తప్ప ఆ కోతను ఎవరూ చూడలేదు.

"సిగ్గెందుకు? నాకు గర్భసంచి తీసిన్రు. గదే కోత, నిలువుగున్నది" అంటూ టేపు మెడ నుంచి తీసింది.

బెల్టు విప్పాను. నడుం కొలిచింది, రాసుకుంది. తర్వాత బొడ్డు నుంచి కుడి పక్కకు కొలిచింది, ఎడమ పక్కకు కొలిచింది. మళ్లీ కొలిచింది. మొహం మారింది.

"కుడి పక్క తొమ్మిది. ఎడమ పదిన్నర. మొన్న గిట్లనే ఉండెనా?"

నేను అద్దంలో చూసుకోవడం మానేసి నెల దాటింది. తెలియదన్నాను. ఆవిడ ఎడమ పక్కన రెండు వేళ్లతో మెల్లగా తట్టింది. నీళ్లు నింపిన సంచిలా లోపల ఏదో కదిలింది.

"లోపట నీరున్నట్టున్నది సుజాతా. నేను డాక్టర్ను గాను, కని ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

మళ్లీ ఆపరేషనా అన్న ఆలోచన ఒక్కటే తిరుగుతోంది. ఆస్పత్రి నర్సుకు ఫోన్ చేశాను. జ్వరం ఉందా, ఎరుపెక్కిందా, కోత దగ్గర చీము ఉందా అని అడిగింది. ఏదీ లేదు. చర్మం తీసిన చోట నీరు చేరడం మామూలేనని, బెల్టు బిగుతుగా వేసుకుని రేపు పొద్దున రమ్మని, జ్వరం వస్తే మాత్రం ఆగకుండా ఈ రోజే రమ్మని చెప్పింది. ఆ మాటలన్నీ స్పీకర్లో విన్న సరోజక్క, నేను కుట్టించుకోవడానికి తెచ్చిన కొత్త బట్టను మడిచి నా చేతిలో పెట్టేసింది.

"ఇయ్యాల కత్తెర పెట్ట. నీరు పోయినంక కొలత మారుతది. నీ పాత కుర్తీ ఇయ్యి, కచ్చా కుట్లేస్త. మల్ల ఇప్పుకోవచ్చు."

అరగంటలో, నేను సంచిలో తెచ్చిన పాత కుర్తీని రెండు పక్కలా లోపలికి మడిచి కుట్టింది. డబ్బులు అడిగితే, కొత్తది కుట్టినప్పుడు చూద్దామంది. తర్వాత నన్ను పక్క సందులో రొట్టెలు చేసే లక్ష్మి దగ్గరికి తీసుకెళ్లింది. జొన్నరొట్టెలు ఎన్ని తిన్నా, రెండు గుడ్ల కూరతో కలిపి యాభై రూపాయలే. నేను ఒక్క రొట్టెతో ఆపితే లక్ష్మి ఒప్పుకోలేదు.

"మా సరోజక్క తోని వచ్చి ఒక్క రొట్టె తింటే నాకు పేరొస్తదా?"

"దాని పొట్ట బిగిచ్చి కుట్టిన్రు లక్ష్మీ, పట్టది" అని సరోజక్క చెబితే, లక్ష్మి "అయితే నాకు లాభమే" అంది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న నేను అక్కడ నవ్వాను, దిండు పొట్టకు అదుముకుని మరీ.

రెండున్నర బస్సుకు తిరిగి బయలుదేరి, నాలుగింటికల్లా అక్క ఇంట్లో ఉన్నాను. మర్నాడు హైదరాబాద్‌లో డాక్టరు సూదితో నీరు తీశారు, చిన్న టీ గ్లాసెడు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు, ఆ చోట ఇంకా స్పర్శ రాలేదు కాబట్టి. ఎవరు కనిపెట్టారని అడిగితే మా టైలర్ అన్నాను. ఆయన నర్సు వైపు తిరిగి, మనమూ ఒక టేపు కొనాలన్నారు. మరో వారం సెలవు పొడిగించి, ఆ కచ్చా కుట్ల కుర్తీతోనే ఉద్యోగంలో చేరాను.

బరువు తగ్గాలని అన్ని రోజులూ రోజుకు రెండుసార్లు కాటా ఎక్కాను. ఆపరేషన్ అయ్యాక మాత్రం ఒంటిని చూడటమే మానేశాను. అందంగా మారాక చూసుకుందాం అనుకున్నాను కాబోలు. వాపుతో, కోతతో, వంకరగా ఉన్నా ఇది నా ఒళ్లే, దీని బాగోగులు నేనే చూసుకోవాలి. ఇప్పుడు రోజూ స్నానం తర్వాత అద్దం ముందు నిలబడి రెండు పక్కలా తడిమి చూసుకుంటున్నాను. మొదట్లో భయంగా ఉండేది. ఈ మధ్య పలకరించినట్టుగా ఉంటోంది.

ఈ దారిలో వెళ్లేవారికి ఒక్క మాట: ఎల్లారెడ్డి నుంచి తిరుగు బస్సు మూడింటిలోపే పట్టుకోండి. ఆ తర్వాత బడులు వదులుతారు, సీటు దొరకదు, కోత ఉన్నవాళ్లు గంటకు పైగా నిలబడటం మంచిది కాదు.