స్లాబుకి దాచిన నీళ్ళు

నా ఉద్యోగం పేరులో రిస్క్ అనే మాట ఉంది. మాది గుడివాడలో తరతరాలుగా పంతుళ్ళూ గుమాస్తాలూ పుట్టిన ఇల్లు. రిస్క్ అంటే మావాళ్ళకి తెలిసింది గొడుగు లేకుండా బజారుకెళ్ళడం. పెద్ద కట్టడాల్లో ఏమేం చెడిపోవచ్చో ముందే ఊహించి చెప్పడం నా పని అని వివరిస్తే మా అమ్మ, "అంటే అపశకునాలు పలికినందుకు జీతమిస్తారా?" అంది. ఇన్నేళ్ళ సర్వీసులో అంతకంటే సరైన నిర్వచనం నాకు తారసపడలేదు.

బందరు నుంచి మంగినపూడి వెళ్ళే దారిలో ఒక చేపల వ్యాపారి కాంప్లెక్స్ కట్టించుకున్నాడు. కింద షాపులు, పైన ఫంక్షన్ హాలు. పని చూడమని నన్ను పెట్టుకున్నాడు. సముద్రం మీద బతికిన మనిషి. పడవలూ వలలూ అమ్మేసి అందులో పెట్టాడు. అది నిలబడితే ఆయనా, ఆయన భార్యా ఇక ఒడ్డుకి వెళ్ళక్కర్లేదు. నిలబడకపోతే వెళ్ళడానికి పడవ లేదు. ఆయన్ని మావయ్య గారూ అని పిలిచేవాణ్ణి. ఆయనకి ఆడపిల్లలు లేరు కనుక ఆ పిలుపులో రిస్కేమీ లేదు.

మొదటిరోజే ఆయన్ని కూర్చోబెట్టి నా అపశకునాలన్నీ పలికాను. నేల మెత్తన, పునాది లోతుగా దిగాలన్నాను. సరే అన్నాడు. ఇసుక ఒడ్డుది పనికిరాదు, తోట్లవల్లూరు వైపు నుంచి ఏటి ఇసుకే రావాలన్నాను. వచ్చింది. కోతల రోజుల్లో దివిసీమ కూలీలు పొలాలకి వెళ్ళిపోతారు, పని ఆగుతుందన్నాను. ఆగింది, ఎవరూ కంగారుపడలేదు. వాస్తు చూసేవాడొచ్చి మెట్లు మార్పిస్తాడని కూడా చెప్పాను. మార్పించాడు. అన్నీ నేనన్నట్టే జరుగుతుంటే మేస్త్రికి నా మీద ఒక రకమైన భయం ఏర్పడింది. పొద్దున్నే ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు.

ఇక మిగిలింది నీళ్ళు. అక్కడ ఎక్కడ బోరు వేసినా పడేది ఉప్పునీళ్ళే. మంచినీళ్ళంటే కాలువవే, ఎండాకాలంలో ఆ కాలువ కట్టేస్తారు. స్లాబు వేశాక దాని మీద మడులు కట్టి, గట్టిపడేదాకా మంచినీళ్ళు నిలబెట్టాలి. ఉప్పునీళ్ళు పెడితే లోపల ఇనుముని తినేస్తాయి. కాబట్టి కాలువ పారుతుండగానే స్లాబు అయిపోవాలన్నాను. మూఢం వెళ్ళేదాకా స్లాబు మాట ఎత్తొద్దని పురోహితుడన్నాడు. మూఢం వెళ్ళింది. దాని వెనకే కాలువా వెళ్ళింది.

దానికీ నా దగ్గర ఉపాయముంది. కాలువ కట్టేయకముందే స్థలం వెనక పెద్ద సంపు కట్టించి, నిండా నింపించి, పైన రేకులు కప్పించాను. నా ఇంజినీరింగు చదువంతా ఆ గోతిలోనే ఉందనిపించేది. స్లాబు దివ్యంగా పడింది. కొబ్బరికాయ కొట్టాం, మేస్త్రికి బట్టలు పెట్టారు. మడుల్లో నీళ్ళు నిలబెడితే నాట్లకి సిద్ధమైన చేనులా ఉంది.

ఆ వారంలోనే పక్క ఊళ్ళో మంచినీళ్ళ చెరువు అడుగంటింది, కుళాయిలు ఆగిపోయాయి. నేను పొద్దున బస్సు దిగి వెళ్ళేసరికి సంపు రేకులు పక్కన పెట్టి ఉన్నాయి. చుట్టూ బిందెలు. మావయ్య గారు స్వయంగా తోడి పోస్తున్నాడు.

"ఇవి స్లాబు నీళ్ళండీ" అన్నాను.

"తెలుసు బాబూ."

"ఆ సంగతి వాళ్ళకి చెప్పండి మరి."

"ఏమని చెప్పను? మీ పిల్లల్ని కాస్త ఆగమనండమ్మా, ముందు సిమెంటు తాగాలి అనా?"

బిందెతో నిలబడ్డ ఓ ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇంజినీరు గారికీ ఓ చెంబుడు పొయ్యండర్రా, గొంతెండిపోయినట్టుంది పాపం" అంది. అందరూ నవ్వారు. నేనూ తాగాను. నీళ్ళు బాగున్నాయి.

తాగడానికి నీళ్ళడిగితే కాదనే అలవాటు ఆ ఒడ్డున లేదు. నేను ఊహించిన ఆపదల్లో తుపాను ఉంది, సిమెంటు దొంగతనం ఉంది, కాంట్రాక్టరు పారిపోవడం ఉంది. మంచితనం మా సిలబస్‌లో పెట్టలేదు.

సంపు ఖాళీ అయింది. గుడివాడ వైపు నుంచి ట్యాంకరు మాట్లాడాను. అది బయల్దేరిన మాట నిజమే. దారిలో ఆ పక్క ఊరి దగ్గరే జనం ఆపారు. మా స్థలానికి చేరింది డ్రైవరూ, ఖాళీ ట్యాంకరూ. "మీ మావయ్య గారే పోసెయ్యమన్నారండి, ఫోన్లో" అన్నాడు డ్రైవరు. తడి గోనెలు పరిపించాను, గంటలో ఎండిపోయాయి. ప్లాస్టిక్ పట్టాలు కప్పించాను. సముద్రం గాలికి అవి రొయ్యల చెరువుల మీదుగా ఎగిరిపోయాయి. చూడ్డానికి మాత్రం బాగుంది.

మర్నాడు వెళితే మడులు నిండి మెరుస్తున్నాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. కూరలో వేసుకోవచ్చు.

"బోరు మోటారు ఎవరు వేశారు?"

"నేనే బాబూ. ఎండకి స్లాబు నోళ్ళు తెరుస్తోంది. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"ఉప్పండీ అది."

"పుట్టిందగ్గర్నుంచీ ఉప్పులోనే ఉన్నాను, నాకేమైంది?"

"బీపీ వచ్చింది" అంది ఆయన భార్య, తల ఎత్తకుండా.

నీళ్ళు తీయించేశాను. నేను బస్సెక్కగానే ఆయన మళ్ళీ నింపాడట. దాహంతో ఉన్నదాన్ని దేన్నీ ఆయన చూడలేడు, అది స్లాబైనా సరే.

కొన్నేళ్ళు హాలు బాగానే నడిచింది. నిశ్చితార్థాలు, ఓణీల ఫంక్షన్లు, పెళ్ళిళ్ళు. తర్వాత కింద షాపుల్లో సీలింగు మీద గోధుమరంగు గీతలు కనబడ్డాయి, సరిగ్గా లోపల చువ్వలున్న చోటల్లా. సెల్‌ఫోన్ల షాపులో పెచ్చు ఊడి కౌంటరు అద్దం మీద పడింది. ఆ కుర్రాడు ఖాళీ చేశాడు. తర్వాత మందుల షాపు, తర్వాత టైలరు. అప్పుడు నాకు ఫోనొచ్చింది.

సుత్తితో తట్టుకుంటూ వెళ్ళాను. చాలాచోట్ల డొల్ల మోత. ఒకచోట తెరిచి చూస్తే చువ్వ పొరలు పొరలుగా అప్పడంలా చేతికొచ్చింది. మావయ్య గారు కింద ఖాళీ షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నా మొహమే చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళుంటుంది?"

"ఎవరూ ఎక్కకపోతే కొన్నాళ్ళు. పైన జనం చేరితే చెప్పలేనండీ."

"బాగుచేసుకుంటే?"

"పూత పూసి బాగైందనేవాళ్ళు బందర్లో చాలామంది ఉన్నారు. నేనైతే పడగొట్టమంటాను."

"పడగొట్టాక ఏముంటుంది?"

"స్థలం ఉంటుంది."

"స్థలం ముందు కూడా ఉందిగా బాబూ" అన్నాడు.

ఆయన భార్య లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. నేను జోకులకి పేరుపడ్డ మనిషిని. ఒక్కటీ తోచలేదు.

టీ తాగాక ఆయన మెట్ల దగ్గర గ్రిల్లుకి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టాడు. "నా దగ్గరుంటే అడిగినవాళ్ళకి ఇచ్చేస్తాను. మీరుంచండి."

ఆ మనిషి తనంతట తాను తీసుకున్న మొదటి రిస్క్ నివారణ చర్య అది. బందరు బస్టాండులో గుడివాడ బస్సెక్కి కూర్చునేసరికి ఫోను మోగింది.

"బాబూ, మా ఊరి పిల్ల నిశ్చితార్థం. ఎప్పుడో మాటిచ్చాను. ఒక్క పూట."

"కుదరదండీ."

"నేనూ అదే చెప్పాను, ఇంజినీరు గారు ఒప్పుకోవట్లేదని."

"మంచి పని చేశారు."

"వినట్లేదు బాబూ. తాళం పగలగొట్టారు. పైకి కుర్చీలు ఎక్కిస్తున్నారు."

"ఆపండి వాళ్ళని!"

"ఎలా ఆపను? మా వాళ్ళేగా" అన్నాడు. వెనక ఎవరో మైకు పరీక్షిస్తున్నారు.

తలుపు దగ్గర కునుకు తీస్తున్న కండక్టరుని లేపి బస్సు దిగాను. మంగినపూడి వైపు వెళ్ళే ఆటో ఒకటుంది. నిండేదాకా కదలదన్నాడు ఆటోవాడు.