గడప మీద చిక్కిన బొగ్గు పడవ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, టీ చల్లారనివ్వకండి. మా బొగ్గు పడవ లాకు గడప మీద వేలాడిన సంగతి చెబుతాను.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర కాలువ మీద తిరిగే పాత సరుకు పడవ అది, తాతల నాటిది. ఒకప్పుడు గనుల నుంచి మిల్లులకు బొగ్గు మోసిందట. ఇప్పుడు కాలువ మీదే పడవల్లో కాపురం ఉండేవాళ్ళకు బొగ్గు బస్తాలు, గ్యాస్ సిలిండర్లు చేరవేస్తుంది. వెడల్పు మా వంటింటిపాటి, పొడవు మాత్రం వీధంత. దాని సొంతదారు ఒక ఇంగ్లీషు పెద్దాయన. మా ఆయన ఆసుపత్రిలో డాక్టరుగా రిటైరయ్యాక పెద్దాయనకు సాయంగా చేరారు, ఆ వెనకే టిఫిన్ డబ్బాతో నేను. చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ, గోదావరి కాలువ గట్టున పుట్టినదాన్ని. లాకుల సంగతి నాకు ఒకరు చెప్పాలా?

ఆ పడవకు జరగనిది లేదు. ఎవరో పారేసిన పరుపు ఒకసారి పడవను నడిపే నీళ్ళలోని పంకాకు చుట్టుకుంది. ఇంకోసారి వంతెన తగిలి పొగగొట్టం ఊడింది. ప్రతిసారీ పెద్దాయనే అతుకులు వేశాడు. "ఈసారి అడుగు పగిలిందంటే ఇక నావల్ల కాదు, తుక్కుకే" అని ముందే చెప్పేశాడు.

ఆ రోజు లాకులో, అంటే ముందూ వెనకా తలుపులున్న తొట్టిలో నీళ్ళు తగ్గిస్తూ, దిగువకు దిగుతున్నాం. వెనక తలుపుల కింద, నీళ్ళలో రాతి మెట్టు ఒకటి దాగి ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులోనూ గడప అనే అంటారు. నీళ్ళు తగ్గేటప్పుడు పడవ తోక దాని మీద ఉండకూడదు. చుక్కాని మా ఆయన పట్టారు. పెద్దాయన అవతలి కొసన, నీళ్ళు వదిలే పలకను పైకి తిప్పుతున్నాడు. నేను గట్టు మీద, పులిహోర డబ్బాతో.

"ఏమే, ఇటివ్వు. ఆకలి దంచేస్తోంది."

"దిగాక తినొచ్చుగా! ఏం కొంపలంటుకున్నాయి?" అంటూనే వంగి ఇచ్చాను.

డబ్బా అందుకోవడానికి ఆయన పడవను రెండడుగులు వెనక్కి రానిచ్చారు. అంతే, తోక గడప మీద కూర్చుండిపోయింది, ముక్కు కిందికి దిగిపోతోంది. బస్తాలు జారాయి.

"ఆపు! ఆపు!" అని అరిచాను.

పెద్దాయన చెయ్యి ఊపాడు. "అప్? రైట్ యూ ఆర్, మి డక్!"

డక్ అంటే బాతు, అక్కడ అది ముద్దు మాట. కానీ నా 'ఆపు' పెద్దాయన చెవిలో వాళ్ళ 'అప్' అయింది. నేను ఎంత గట్టిగా ఆపంటే పలకను అంత హుషారుగా పైకెత్తుతున్నాడు. మా ఆయన చెబుదామంటే నోటినిండా పులిహోర. పడవ అడుగు కిర్రుమంది. అప్పుడు వెలిగింది నాకు.

"డౌన్! డౌన్!"

పలక దబ్బున పడింది. పెద్దాయన పరుగున వచ్చాడు. ఇద్దరం వెనక తలుపుల వైపు నుంచి కొద్దికొద్దిగా నీళ్ళు లాకులోకి వదిలాం. తోక మెల్లగా లేచి తేలింది. చుక్కాని వంగింది, డబ్బా కాలువ పాలైంది. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని అడుగంతా తడిమి చూశాడు. చుక్క నీరు లేదు.

అప్పుడడిగాడు, ఆపు అంటే ఏమిటని. చెబితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"మర్యాదగా 'ఆపండి' అని ఉంటే ఇంత జరిగేదా?" అన్నారు మా ఆయన.

"గడప మీద నిలబడకూడదని మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు" అన్నాను నేను.

ఇప్పుడు ఆ పడవ మీద 'అప్' అనే మాటే లేదు. ఆపండి అంటే పెద్దాయన ఠక్కున ఆగుతాడు.

మీ గడప పసుపుతో పచ్చగా ఉండాలి, దాని మీద ఎవరూ చిక్కుకోకూడదు. ఆపమంటే ఆగే మనుషులతో మీ ఇల్లు నిండుగా ఉండాలి, తల్లీ.